తొమ్మిది ఎర్ర దారాలు

విమానం రెక్క నా గంజి వల్లే విరిగిందని చెప్పుకునేవాళ్ళు కరీంనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. నా మొహం మీద మాత్రం ఎవరూ అనరు. నాకు కోపం ఎక్కువని అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ళు నోరు మూసుకున్నాను, ఇక చాలు. మీరు అడిగినా అడగకపోయినా చెబుతాను.

మేము సిరిసిల్ల పద్మశాలీలం. నా పేరు అనసూర్య. నా పెనిమిటి కైలాసం సాంచాల మీద పనిచేసేవాడు. కరెంటు మగ్గాలను మా ఊళ్ళో సాంచాలనే అంటాం. నేను కండెలు చుట్టేదాన్ని, పడుగుకు గంజి పెట్టేదాన్ని. 1987లో మా సేటు సాంచాలు బందు పెట్టాడు. పొయ్యి రాజేయడమే కష్టమైన ఆ రోజుల్లో మధుసూదన్‌రావు జీపు వేసుకుని మా గల్లీకి వచ్చాడు. అప్పట్లో నేను కూడా ఆయన్ని 'గారు' అనేదాన్ని. ఇప్పుడు అనను.

దొరల ఇంటి మనిషి. నలభై దాటాయి, ఇంజనీరింగ్ చదివాడు. కరీంనగర్ బయట వాళ్ళ బియ్యం మిల్లు మూతపడి ఉంటే, ఆ షెడ్డులో సొంతంగా విమానం కడుతున్నాడు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. నక్షాలు ఎక్కడో విదేశం నుంచి తెప్పించుకున్నాడు.

"ఇనుప పని తెలిసినోళ్ళు మస్తు మంది దొరికిన్రు," అన్నాడు మా గడప ముందు నిలబడి. "బట్టను ముట్టుకుని పోగు ఎటు పోతుందో చెప్పేటోళ్ళు నాకు కావాలె."

"విమానానికి బట్టెందుకు దొరా?" అన్నాను.

"దొర అనకు, సార్ అను. బట్టతోనే కడుతున్న."

ఈయనకు పిచ్చి లేచిందనుకున్నాను. పిచ్చోడైతేనేం, పని ఇస్తున్నాడు కదా అని ఇద్దరం మూటాముల్లె సర్దుకుని మిల్లు వెనక గదిలోకి చేరాం.

పిచ్చి కాదని వారంలో తెలిసింది. పని ఇలా ఉండేది. నీలం రంగు థర్మాకోల్ దిమ్మ, మనిషంత పొడుగు. దాని రెండు కొసలకూ రెక్క ఆకారంలో కోసిన రేకులు బిగించేవాళ్ళం. కరెంటుతో వేడెక్కిన సన్నటి తీగను ఆ కొసన కైలాసం, ఈ కొసన నేను పట్టుకుని రేకుల వెంబడి లాగాలి. తీగ తగిలిన చోట దిమ్మ వెన్నలా తెగేది. ఒకరు ముందుకు పోయి ఒకరు వెనకబడితే దిమ్మ దండగ. అందుకని రేకుల మీద అంకెలు వేసి ఉండేవి. ఆయన "ఒకటి" అంటే నేను ఒకటి దగ్గర ఉండాలి. నేను "రెండు" అంటే ఆయన రెండు దగ్గర ఉండాలి. పెళ్ళయిన పదహారేళ్ళలో మేమిద్దరం అంత కుదురుగా మాట్లాడుకున్నది ఆ తీగ పట్టుకున్నప్పుడే.

దిమ్మకు బలం ఉండదు, గోరుతో గిల్లితే ఊడొస్తుంది. బలమంతా దాని మీద పరిచే గాజు బట్టది. గాజును దారంగా తీసి నేసిన తెల్లటి బట్ట అది. చూడ్డానికి పట్టులా మెరుస్తుంది, ముట్టుకుంటే ఒళ్ళంతా దురద. పొర పరిచి, రెండు డబ్బాల జిగురు కలిపి పోసి, రబ్బరు ముక్కతో లాగితే బట్ట కనిపించకుండా పోయి అద్దంలా అవుతుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలితే అక్కడ జిగురు తాగలేదన్నమాట. ఎండాకాలంలో ఆ జిగురు మగ్గులోనే ఉడికి పొగలు కక్కేది. ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చి మగ్గు కింద పెట్టుకుని, పొద్దెక్కక ముందే పని ముగించేవాళ్ళం.

పోగు రెక్క పొడుగునా పోతే రెక్క వంగకుండా ఆపుతుందని, ఏటవాలుగా పోతే మెలి తిరగకుండా ఆపుతుందని చెప్పడానికి సారు బోర్డు మీద గంటసేపు గీతలు గీశాడు. నాకు మొదటి నిమిషంలోనే అర్థమైంది. చీరెను నిలువుగా లాగితే సాగదు, మూలకు లాగితే సాగుతుంది. ఏ ఆడదానికి తెలియదు? కాని ఆయన ముచ్చటగా గీస్తున్నాడని ఊరుకున్నాను.

మొదటి నెలలోనే ఒక తప్పు చేశాను. దాచను. గాజు బట్టను కోస్తే అంచు పోగులు ఊడిపోతుంటాయి. ఊడే పోగు కనిపిస్తే మా ఇళ్ళల్లో ఆడది ఏం చేస్తుంది? గంజి పెడుతుంది. నేనూ అన్నం వార్చిన గంజి పల్చగా చేసి, కోసిపెట్టిన బట్టలన్నిటికీ రాసి ఎండలో ఆరేశాను. పోగులు చక్కగా నిలబడ్డాయి. సారు మెచ్చుకుంటాడని ఎదురుచూశాను, నా తెలివి తగలబడ.

ఏ పనికైనా ముందు అదే బట్టతో, అదే జిగురుతో చిన్న ముక్క చేసి చూసే పద్ధతి ఉండేది. మర్నాడు ఆ ముక్కను చేత్తో లాగితే ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. సారు ఏం జరిగిందో తెలియక తల పట్టుకుని కూర్చున్నాడు. జిగురు డబ్బా చూశాడు, పుస్తకం చూశాడు. నాకు భయం వేసింది. అయినా నేనే వెళ్ళి చెప్పాను.

"గంజి నేనే పెట్టిన సార్."

ఆయన ఊడొచ్చిన పొరను మళ్ళీ చేతిలోకి తీసుకుని వేలితో రాసి చూశాడు. గంజి ఉన్న చోట జిగురు గాజును పట్టుకోదట. విదేశం నుంచి ఆరు నెలలకు వచ్చిన బట్టలో సగం దాకా పడేయాల్సి వచ్చింది. నన్ను పంపించేస్తాడనుకున్నాను.

"పొరపాటు చేసి నువ్వే వచ్చి చెప్పినవ్ చూడు," అన్నాడు. "గందుకే రేపటి నుంచి బట్ట పనంతా నీదే. నీ చేతిని నమ్ముతున్న."

ఆ మాటకు గదిలోకి వెళ్ళి ఏడ్చాను, సంతోషంతో. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఆ తర్వాత మళ్ళీ ఏ తప్పూ జరగకూడదని ఒక పద్ధతి పెట్టుకున్నాను. రెక్క లోపల పొడుగునా ఒక పట్టీ ఉంటుంది, ఇంటికి దూలం లాంటిది. దాని మీద తొమ్మిది పొరలు వేయాలి. గాలిలో విమానాన్ని మోసేది ఆ తొమ్మిదే. కాని జిగురు తాగాక పొరలు కనిపించవు కదా, ఎన్ని వేశామో లెక్క తప్పుతుంది. మా అత్త దేవవ్వ చీరె నేసేటప్పుడు, పని ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుకు అంచులో ఎర్ర పోగు పెట్టేది. నేనూ అదే చేశాను. ఒక్కో పొరకు ముందు వేలి కణుపంత ఎర్ర దారం ముక్క రెక్క మొదట్లో పెట్టి, దాని మీద ఆ పొర పరిచేదాన్ని. ఒకదాని పక్కన ఒకటి, కొంచెం ఎడంగా. పని అయ్యాక పైనుంచి చూస్తే ఎర్ర గీతలు వరసగా కనిపిస్తాయి. తొమ్మిది గీతలుంటే తొమ్మిది పొరలు ఉన్నట్టే. ఆ దారం కూడా నేనే రెండు పోగులు కలిపి తొడ మీద పేనేదాన్ని.

"గిది నా పుస్తకాలల్ల కూడ లేదు," అని సారు సంబరపడి నోటుబుక్కులో రాసుకున్నాడు.

విమానంలో రెండు సీట్లు. ముందు సీటు ఆయనది, వెనక సీటు నాది. ఈ మాట నేను అడగలేదు, ఆయనే అన్నాడు. "బట్ట పరిచిన మనిషి ఎక్కకపోతె ఇంకెవ్వరు ఎక్కుతరు?" అని మిల్లు కాటా మీద నన్ను నిలబెట్టి తూచాడు. నలభై ఆరు కిలోలు. అదీ రాసుకున్నాడు.

బస్సు తప్ప వేరే బండి ఎక్కి ఎరగని దాన్ని. ఆ రోజు నుంచి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. విమానం సిరిసిల్ల మీదుగా పోవాలని, మా సాంచాలు బందు పెట్టిన సేటు మేడ మీద నేను ఉమ్మేయాలని నా కోరిక. కైలాసంతో చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అంత పైనుంచి ఉమ్మితె గాలికి నీ మొహం మీదనే పడతదే," అన్నాడు.

కుడి రెక్క నా చేతులతో పూర్తి చేశాను. ఎడమ రెక్కకు దిమ్మ కోసి పెట్టుకున్నాం. ఇంతలో శ్రావణంలో నస్పూర్ నుంచి కబురు వచ్చింది. అక్కడ బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండే మా అక్క బుచ్చవ్వ జారిపడి కాలు విరిగింది. వెళ్ళి పద్నాలుగు రోజులు ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఎడమ రెక్క అయిపోయి, నున్నగా మెరుస్తూ బల్లల మీద ఉంది.

"నేనొచ్చేదాక ఆగొద్దా?" అని కైలాసం మీద విరుచుకుపడ్డాను.

"జిగురు పాతగైతుందని సార్ ఆగనియ్యలే. నేనే చేసిన. నువ్వు చేసినట్టే చేసిన, జర చూస్కో."

చూసుకున్నాను. రూపాయి బిళ్ళతో రెక్క అంతా తట్టాను. పొరలు గట్టిగా పట్టుకున్న చోట టంగుమంటుంది, లోపల గాలి ఉండిపోతే ధబ్‌మంటుంది. ఎక్కడ తట్టినా టంగుమంది. మొదట్లోకి వచ్చి ఎర్ర గీతలు లెక్కపెట్టాను. తొమ్మిది. రెండోసారి లెక్కపెట్టాను, తొమ్మిదే. నేను లేకపోయినా నా గుర్తు మరిచిపోలేదు కదా అని గుండె నిండిపోయింది. ఆ రోజు ఆయనకు ఇష్టమని కోడిగుడ్ల పులుసు చేసి పెట్టాను. ఈ చేతులతోనే.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా కైలాసం దిండు కుట్టడం మొదలుపెట్టాడు. నేను పొట్టిదాన్ని. వెనక సీటులో కూర్చుంటే అద్దం అంచు నా ముక్కు దాకా వచ్చేది, బయట ఏమీ కనిపించేది కాదు.

"మరి నీకు సిరిసిల్ల కనబడాలె గదా," అన్నాడు.

దూది కూరి కుట్టాడు. నన్ను మూడుసార్లు సీటులో కూర్చోబెట్టి ఎత్తు చూశాడు, రెండుసార్లు విప్పి మళ్ళీ కూరాడు. మగాడు సూది పట్టి నా కోసం దిండు కుడుతున్నాడని అక్కకు ఉత్తరం రాయించాను.

దీపావళి పోయాక హైదరాబాద్ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయన సరేనంటేనే విమానం లేచేది. రెక్కను బోర్లించి, మొదలు బిగించి, దాని మీద ఇసుక సంచులు పేర్చాలి. గాలిలో రెక్క మీద పడే బరువంతా అలా నేల మీదే వేసి చూస్తారు. లెక్క ప్రకారం నలభై సంచులు. ముందు కుడి రెక్క. కూలికి పిలిచిన హమాలీలు ఒక్కో సంచీ పెడుతుంటే నా పెదవులు కొరుక్కుంటూ లెక్కపెట్టాను. నలభై అయ్యాయి. రెక్క వంగింది, నిలబడింది. సంచులు తీస్తే మళ్ళీ తన చోటికి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. నేను కైలాసం వైపు చూసి నవ్వాను. ఆయన నవ్వలేదు. భయపడుతున్నాడనుకున్నాను.

తర్వాత ఎడమ రెక్క. ఇరవై ఆరో సంచి పెట్టి హమాలీ చెయ్యి తీశాడో లేదో, ఫటేల్‌మని చప్పుడు. రెక్క మొదట్లో విరిగి, సంచులన్నీ నేల మీద పడి పగిలాయి. షెడ్డంతా ఇసుక.

"ఏమిటిది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మధుసూదన్‌రావు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "డిజైన్ తప్పు కాదు సార్. పనివాళ్ళ తప్పు. ఈమె నేతోళ్ళ ఇంటి మనిషి, బట్ట కనపడితే గంజి పెడతది. ఇంతకుముందు కూడ పెట్టింది, అంత బట్ట ఖరాబ్ చేసింది. తానే ఒప్పుకున్నది. అడగండి." ఇటు తిరిగి, "గంజి పెట్టినవా లేదా అనసూర్యా? అవునా కాదా, గదొక్కటి చెప్పు," అన్నాడు.

"పెట్టిన గని అది మొదటి నెల సార్..."

"చూసిన్రా, ఒప్పుకున్నది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మి చెప్పుకున్న మాటను మెడకు ఉరితాడు చేస్తాడా! "గీ రెక్క నేను ముట్టనే లే!" అని అరిచాను. "అప్పుడు నేను నస్పూర్‌ల ఉన్న. కావాల్నంటె మా ఆయనను అడుగుండ్రి!"

ఇన్‌స్పెక్టర్ కైలాసం వైపు తిరిగాడు. "ఈ రెక్క ఎవరు చేశారు?"

కైలాసం నేల మీది ఇసుక చూస్తున్నాడు. మధుసూదన్‌రావు కైలాసాన్ని చూస్తున్నాడు.

"మా ఆమెనే సార్," అన్నాడు కైలాసం.

నేను సరిగ్గా వినలేదనుకున్నాను. మళ్ళీ అంటాడేమో, దిద్దుకుంటాడేమో అని ఆయన నోటి వైపే చూశాను. తల ఎత్తలేదు. పరాయివాడు అబద్ధమాడితే కోపం వస్తుంది. అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. అందరూ నన్నే చూస్తుంటే ఎటు పోవాలో తెలియక విరిగిన రెక్క దగ్గరికి వెళ్ళాను.

గంజి పెట్టిన పొర ఎలా ఊడుతుందో నా చేతులకు తెలుసు. ఇది ఊడలేదు. పొరలన్నీ ఒకదాన్నొకటి గట్టిగానే పట్టుకుని ఉన్నాయి. మొత్తంగా పుటుక్కున విరిగింది. విరిగిన అంచు వేళ్ళ మధ్య పట్టుకుంటే పల్చగా తగిలింది. బట్ట మందం వేళ్ళతో చెప్పగల దాన్ని నేను. లెక్కపెట్టాను. ఐదు పొరలు.

మరి తొమ్మిది దారాలు?

కత్తి తీసుకుని పై పొర లేపాను. తొమ్మిదీ దాని కిందే ఉన్నాయి, దువ్వెన పళ్ళలా వరసగా. పొరకొకటి కాదు. అన్నీ ఒకే పొర మీద పెట్టి, పైన ఇంకొక్క పొర కప్పారు. పైనుంచి చూస్తే ఏ తేడా తెలియదు. నాకే తెలియలేదు. ఒక దారం లాగి చూశాను. నేను కుడిచేత్తో పేనుతాను. ఇది ఎదురు మెలిక. మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కడికే.

"సారూ, ఇటు రాండ్రి," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. "గంజి పెడితె పొరకు పొర ఊడొస్తది. ఇది ఊడిందా? మీ చేత్తోనే లాగి చూడుండ్రి. ఎన్ని పొరలున్నయో లెక్కపెట్టుండ్రి. కుడి రెక్కకు కూడ కత్తి పెట్టి చూడుండ్రి, అది నేను చేసింది."

ఆయన వంగి, తన కళ్ళద్దాలు సరిచేసుకుని, ఒక్కో పొరా వేరుచేసి చూశాడు. "ఐదు," అన్నాడు. "నక్షాలో తొమ్మిది ఉంది కదండీ?"

మధుసూదన్‌రావు మొహం పాలిపోయింది. వెంటనే కైలాసం మీద పడ్డాడు. "ఏం కైలాసం, నేను తొమ్మిది వెయ్యమన్న గదా? గింతేనా నువ్వు చేసింది?"

అప్పుడు తల ఎత్తాడు నా మొగుడు. నా మీద అబద్ధం పడినప్పుడు లేవని తల, తన మీద పడేసరికి లేచింది. "మీరే గదా సార్ ఐదు చాలన్నరు! బట్ట లేదు, మళ్ళ తెప్పియ్యాలంటె ఆరు నెలలు, ఆఫీసర్ల తారీఖు పోతదన్నరు. ఆమెకు చెప్పకు, ఆమె ఒప్పుకోదు, దారాలు మాత్రం తొమ్మిది కనబడాలె అన్నరు!"

బట్ట ఎందుకు తక్కువ పడిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా గంజికి పోయిన బట్ట అది. నా తప్పు ఉంది, లేదనను. కాని నాకు చెబితే ఆరు నెలలు కాదు, ఆరేళ్ళు ఆగమనేదాన్ని. ఒప్పుకోనని వాళ్ళిద్దరికీ తెలుసు. నా గురించి అంత బాగా తెలిసిన మనుషులు ఆ ఇద్దరే.

ఇన్‌స్పెక్టర్ ఏదో రాసుకుని, పర్మిషన్ ఇచ్చేది లేదని చెప్పి వెళ్ళిపోయాడు. మధుసూదన్‌రావు మా వైపు చూడకుండా జీపెక్కాడు. గంజి మాట ఆ సాయంత్రానికే ఊళ్ళో పాకింది, ఐదు పొరల మాట మాత్రం షెడ్డు దాటలేదు. దొరల ఇంటి మనిషి చెప్పిన మాట కదా. షెడ్డులో మేమిద్దరమే మిగిలాం. నేను విమానం దగ్గరికి వెళ్ళి, వెనక సీటులోంచి దిండు తీశాను.

"గీ దిండు ఎప్పుడు కుట్టినవ్?"

కైలాసం చీపురు అందుకుని ఇసుక ఊడ్వబోయాడు.

"రెక్క చెయ్యకముందా, చేసినంకనా?"

"చేసినంక," అన్నాడు మెల్లగా.

"ఐదే పొరలని తెల్సి కుట్టినవ్. నన్ను ఆ సీట్ల కూసోబెట్టి మూడుసార్లు ఎత్తు చూసినవ్."

"ఇరుగదనుకున్ననే. ఏం కాదన్నడు సారు. సారు కూడ ఎక్కుతుండె గదా."

"ఆయన తెల్సి ఎక్కుతుండె. నేను?"

దిండు చంకలో పెట్టుకుని, నా ఎర్ర దారం ఉండ తీసుకుని సిరిసిల్ల బస్సెక్కాను. వెనకే వచ్చాడు. ఎక్కడికి పోతాడు మరి?

మా సేటు సాంచాలు మళ్ళీ తెరిచాడు. ఇద్దరం పాత పనుల్లోకే వెళ్ళాం. కాపురం విడిచిపెట్టలేదు, అన్నం వండి పెడుతూనే ఉన్నాను. కాని ఆయన తినడానికి వస్తే పీట వేయను. ఆ దిండు వేస్తాను. మొదటి రోజు దాన్ని చూసి నిలబడిపోయాడు, నా వైపు చూశాడు.

"కూసో," అన్నాను. "ఏం కాదు."

కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళుగా రెండు పూటలా దాని మీదే కూర్చుని తింటున్నాడు.